మంచి డీజిల్

తడలో కంపెనీ ఉద్యోగం మానేసి వచ్చి, కాలువ అవతల రొయ్యల గుంటలు కౌలుకు తీసుకున్నానని మా తమ్ముడు కిశోర్ బాబు చెప్పినప్పుడు నేను వాడిని కూర్చోబెట్టి కడిగేశాను. "నీడపట్టున చేసుకునే కొలువు ఇడిసిపెట్టి ఉప్పునీళ్ళలో దిగతావంట్రా?" అన్నాను. వాడు నవ్వాడు. వాడి భార్య లిల్లీ కూడా నవ్వింది. మా ఆయన మాత్రం, ఆయన పేరు సమాధానం, నవ్వకుండా, "జనరేటరు యాడ కొన్నావు?" అని అడిగాడు. మనుషుల సంగతి అడిగే ముందు ఇంజన్ల సంగతి అడగడం ఆయనకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

"పాతది బావా. నువ్వుండావు గదా అని ధైర్యం చేసినా" అన్నాడు కిశోర్. తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ ఒక్క వేసవి పంట చూస్తానక్కా. నిలబడిందా, ఇంక నీ కళ్ళ ముందరే ఉంటాం. పోయిందా, మళ్ళీ తడకు పోయి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటా."

నేను లేచి వాళ్ళకు అన్నం పెట్టాను. అమ్మ పోయిన తర్వాత నాకు పుట్టిల్లంటే వాడొక్కడే. ఆదివారం ఆరాధన అయిపోయాక వాడూ లిల్లీ మా ఇంటికొచ్చి, నా వంటకు వంకలు పెడుతూ రెండోసారి వడ్డించుకుని తింటుంటే నాకు కడుపు నిండేది. వాడి పంట నిలబడాలని వాడికంటే నేనే ఎక్కువ కోరుకున్నాను.

కావలిలో మాది డీజిల్ పంపుల షాపు. పంపంటే నీళ్ళు తోడేది అనుకునేరు. ఇంజనుకు ఆయిలు కొలిచి, ఏ క్షణానికి కావాలో ఆ క్షణానికి లోపలికి చిమ్మే పంపు. అది చిమ్మే మూతిని నాజిల్ అంటారు. ట్రాక్టర్లవీ, పడవలవీ, వరికోత మిషన్లవీ మా దగ్గరికి వస్తాయి. పంపులు విప్పి బిగించేది మా ఆయన, నాజిళ్ళు పరీక్ష చేసేది నేను. నాజిల్‌ని టెస్టర్‌కి బిగించి పిడి కిందికి నొక్కితే, మంచిదైతే కిర్రుమని అరుస్తూ సన్నటి తుంపరగా చిమ్ముతుంది. చెడిపోయిందైతే చంటిపిల్లాడి ముక్కులా కారుతుంది. పెళ్ళైన కొత్తలో ఈ పని నేర్పించాడు మహానుభావుడు, జీతమడగని మనిషి దొరికిందని.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల ఉపవాసాలు మొదలుకాక మునుపే కిశోర్ గుంటల్లో రొయ్య పిల్ల వదిలాడు. రొయ్య నీళ్ళలో ఉన్నా ఊపిరి మనం ఆడించాలి. గుంటలో చక్రాలు తిరిగి నీళ్ళు చిలుకుతుంటేనే వాటికి గాలి అందుతుంది. చక్రాలు తిరగడానికి కరెంటు కావాలి. వేసవిలో ఆ కాలువ పక్క కరెంటు ఉండే పూట తక్కువ, పోయే పూట ఎక్కువ. కరెంటు పోయిందంటే జనరేటరే దిక్కు. అది ఆగిందంటే నెలల తరబడి మేత పెట్టి పెంచిన పంట ఒక్క పూటలో పోతుంది.

కిశోర్ ఆ జనరేటరుకు బయో పోస్తున్నాడు. బయో అంటే ఆ పక్క గుంటల వాళ్ళంతా వాడే ఆయిలు. గింజల నూనె, హోటళ్ళలో కాగి కాగి నల్లబడిన నూనె, ఇంకా ఏమేమో కలిపి వండుతారట. బంకులో డీజిల్‌కంటే చవక. ఇంజను తిరుగుతుంటే గుంటల గట్టంతా బజ్జీల బండి వాసన వచ్చేది. దాన్ని డ్రమ్ముల్లో తెచ్చి అమ్మేది సుకుమార్ గారు, మా చర్చి సంఘ పెద్ద. ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. మా అమ్మ పోయినప్పుడు పెట్టె దగ్గర్నుంచి పూలదాకా అన్నీ ఆయనే చూశాడు. ఆయన చెడ్డవాడే అయ్యుంటే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు.

మట్టల ఆదివారం మధ్యాహ్నం కిశోర్ ఫోన్ చేశాడు. జనరేటరు నల్లగా పొగ కక్కుతోందనీ, చక్రాలన్నీ వేస్తే మోయలేక మూలుగుతోందనీ చెప్పాడు. చర్చిలో ఇచ్చిన ఈతమట్ట ఇంకా నా చేతిలోనే ఉంది. మా ఆయన చొక్కా కూడా మార్చకుండా బండి తీశాడు. నేను నాజిల్ టెస్టరు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను.

షెడ్డులో ఆయన ముందు ఇంజను దగ్గరికి పోలేదు. డ్రమ్ము మూత తీసి, అరచేతిలో ఇంత ఆయిలు పోసుకుని, రెండో చేత్తో రుద్ది, వాసన చూశాడు.

"జిగట" అన్నాడు. "ఇంజను మంచిదేరా. దానికి పోసే తిండే మొద్దుది. మంచి డీజిలైతే లోపల పడీ పడంగానే అంటుకుంటాది. ఇది పడినాక, అంటుకోవాల్నా వద్దా అని ఆలోచిస్తాది. ఆలోపల పిస్టన్ దిగిపోయి ఉంటాది. ఇంక కాలి ఏం లాభం? అదే ఆ పొగ."

"బంకు డీజిలే పోసుకో" అన్నాను నేను.

"చక్రాలన్నిటికీ బంకు డీజిల్ పోస్తే రొయ్యలు నేను తినాల్సిందే అక్కా, అమ్మేదానికి ఏం మిగలదు" అన్నాడు కిశోర్. "సుకుమార్ అన్న వేరే యాడన్నా తీసుకుంటే ఏమనుకుంటాడో, అదొకటి. బావా, ఈ ఆయిలుకే ఏదన్నా దారి చూడు."

మా ఆయన మొహం వెలిగింది. అలాంటి మాట అడగాలే గానీ, ఆ మనిషి అన్నం కూడా మర్చిపోతాడు. ఆయిలు మొద్దుదైతే ఇంజనునే ఆయిలుకు తగ్గట్టు మార్చాలి. ఆలస్యంగా అంటుకునేదాన్ని ముందుగా చిమ్మాలి, సత్తువ తక్కువది కాబట్టి కాస్త ఎక్కువ చిమ్మాలి, జిగటగా ఉంది కాబట్టి గట్టిగా చిమ్మాలి. నేను నాజిల్ స్ప్రింగు బిగించి, తుంపర సన్నగా వచ్చేదాకా పిడి నొక్కి నొక్కి చూశాను. ఆయన పంపు విప్పాడు. పంపు కింద పలచటి ఇత్తడి రేకులు ఉంటాయి. ఒక రేకు తీస్తే పంపు ఆ మేరకు కిందికి కూర్చుంటుంది, ఆయిలు ముందుగా చిమ్ముతుంది. ఒక రేకు తీసి, ఆయిలు కొలత కాస్త పెంచి, మళ్ళీ బిగించాడు.

ఇంజను వేశారు. రెండు దగ్గులు దగ్గి అందుకుంది. పొగ పలచబడింది. కిశోర్ చక్రాలు ఒక్కొక్కటే వేశాడు. అన్నీ వేసినా ఇంజను మూలగలేదు. లిల్లీ గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టింది.

మా ఆయన తీసిన రేకును రాగితీగతో ఆయిలు గొట్టానికి వేలాడదీసి కట్టాడు. ఇది ఆయన పద్ధతి. ఇంజను కంపెనీ పెట్టిన లెక్కలో లేదు, మార్చి ఉంది అని చెప్పడానికి గుర్తు. మా షాపు నుంచి మార్పు చేయించుకుని పోయిన ఇంజన్లన్నిటికీ మెడలో ఆ రేకు ఉంటుంది.

"కిశోరూ, ఇటు చూడు. ఈ రేకు ఈడ ఏలాడినన్ని దినాలు దీనికి ఇదే ఆయిలు. ఆయిలు మార్చేటట్టయితే ముందు రేకు లోపలికి పోవాల. నాకు చెప్పకుండా మార్చబాక."

"ఇంకేం మారుస్తా బావా? దీనికన్నా నాసిది లోకంలో యాడ దొరుకుతాది?" అన్నాడు వాడు.

అందరం నవ్వాం. మా ఆయనా నవ్వాడు.

ఈస్టర్ నాటికి రొయ్య బాగా ఎదిగింది. వల విసిరి తీస్తే కొరడాల్లా ఎగిరిపడేవి. కిశోర్ గొంతు మారింది, నడక మారింది. లిల్లీ కావలిలో అద్దె ఇళ్ళు చూడటం మొదలుపెట్టింది, మా వీధిలోనే. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ముందు గుంటల దగ్గర ప్రార్థన పెట్టుకుందామని సంఘాన్ని పిలిచారు. ఎండకు పట్ట కట్టి, కుర్చీలు వేసి, పాటలు పాడి, పాస్టరు అయ్యగారు గుంట గుంటకూ తిరిగి ప్రార్థన చేశాడు. చివరికి జనరేటరు షెడ్డులోకి వచ్చాం. అక్కడ సుకుమార్ గారి కన్ను ఆ రాగితీగ మీద పడింది.

"ఇదేంది కిశోర్ బాబూ, తాయెత్తు మాదిరి?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. ఆయన ఎప్పుడూ చేయడు. "దేవుని బిడ్డలం మనం. ఇంజనుకు కట్టుకుంటే మాత్రం తప్పు తప్పు కాకుండా పోతాదా?"

"తాయెత్తేంది సుకుమార్ అన్నా" అన్నాను నేను. "అది పంపు కింది రేకు. ఇంజను మార్చి ఉండాదని గుర్తు. మా షాపులో అందరికీ కడతాం."

"మీకు తెలుసమ్మా, నాకూ తెలుసు. చూసేవాళ్ళకు తెలుస్తాదా? పక్క గుంటలోళ్ళు ఏమనుకుంటారు? వీళ్ళూ కట్టుకుంటారే అనరా?" ఆయన అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు తన బూట్ల వైపు చూసుకున్నాడు. వెనక ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. లిల్లీ మొహం కందిపోయింది. దాని పుట్టింటివాళ్ళు ఆ మధ్యే బాప్తీస్మం తీసుకున్నారు, ఎవరైనా తాయెత్తుల మాట ఎత్తితే చాలు దానికి ప్రాణం చచ్చిపోయేది.

నేను ఇంకా గట్టిగా ఏదో అనబోయాను. మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు. జేబులో నుంచి కటింగ్ ప్లయర్ తీసి, రాగితీగను తుంచేశాడు. రేకు కింద పడింది.

"దానికోసం ఇంత మాటెందుకులే" అన్నాడు. "మార్చినోడిని నేను. నాకు తెలుసు. చాలదా?"

సుకుమార్ గారు ఆయన భుజం తట్టి, "సమాధానమంటే శాంతి. పేరుకు తగ్గ మనిషి" అన్నాడు. అందరూ భోజనాలకు లేచారు. నేను వంగి బురదలోంచి ఆ రేకు తీసి, తుడిచి, కొంగున ముడేసుకున్నాను. జనం పోయాక మళ్ళీ కడదామంటే లిల్లీ వచ్చి చేతులు పట్టుకుంది. "వదినా, మీకు దండం పెడతా. సుకుమార్ అన్న మనిషి ఆయిలు దింపేదానికి వారం వారం వస్తాడు. మళ్ళీ చూస్తే సంఘంలో మాట పడతాం" అంది. ఇంటికొచ్చి ఆ రేకును నాజిళ్ళ ట్రేలో పడేశాను.

మే నెలలో, పట్టుబడికి వారం ఉందనగా గాలివాన పట్టుకుంది. పెద్ద తుఫాను కాదు, పేరు కూడా పెట్టలేదు దానికి. కానీ కాలువ పక్క కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. అక్కడి ఫోన్లు మూగబోయాయి. మా ఆయన ఆ రోజు సంగం ఊళ్ళో ఉన్నాడు. అక్కడ వరికోత మిషను పంపు ఒకటి మొరాయిస్తే, కోత మధ్యలో ఆగిపోయిన రైతులు వచ్చి తీసుకుపోయారు. కావలిలో నేనొక్కదాన్నే కూర్చుని, కిశోర్ నంబరు నొక్కడం, స్విచ్చాఫ్ అని ఫోన్లో రికార్డు పిల్ల చెప్పే మాట వినడం. అయినా నాకు భయం వేయలేదు. జనరేటరు ఉంది కదా అనుకున్నాను. నా చేత్తో తుంపర సరిచూసిన ఇంజను కదా.

మర్నాడు పొద్దున్నే మా ఆయన వచ్చాడు. టీ కూడా తాగకుండా ఇద్దరం బయలుదేరాం. కాలువ వంతెన దాటగానే నాకు తేడా తెలిసింది. గుంటల మీదుగా వచ్చే చక్రాల చప్పుడు లేదు. బజ్జీల బండి వాసన లేదు. మా ఆయన వీపు బిగుసుకోవడం నా చేతికి తెలిసింది. బండి మాత్రం అదే వేగంతో పోనిచ్చాడు.

గట్టు పొడుగునా రొయ్యలు తెల్లగా పేరుకుని ఉన్నాయి. గాలి ఆ గట్టుకు నెట్టేసింది వాటిని. కొంగలు తిని తిని తినలేక ఊరికే నిలబడి ఉన్నాయి. కిశోర్ షెడ్డు ముందు మేత బస్తా మీద కూర్చుని ఉన్నాడు. లిల్లీ లోపల నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నన్ను చూసి కిశోర్ లేవలేదు. "అయిపాయ అక్కా" అన్నాడు.

మా ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టాడు. అది చల్లబడి చాలాసేపైంది. "ఎప్పుడు ఆగింది?" అని అడిగాడు.

"నిన్న పొద్దు గూకే వేళ. కరెంటు పోంగానే వేసినా బావా, బాగానే అందుకునింది. మధ్యాన్నానికి డ్రమ్ము అడుగంటింది. సుకుమార్ అన్న దగ్గర కూడా సరుకు లేదు, లారీ రాలా. పాపం ఆయనే వానలో మనిషి చేత వేరే డ్రమ్ము పంపించినాడు. అది పోసినాక ఒక్కటే జోరు. పొగన్నది లేదు. ఠంగు ఠంగుమని శబ్దం మాత్రం వచ్చింది. జోరు మీద ఉండాది గదా, అందుకనుకున్నా. సాయంత్రానికి ఒక్కసారి ఢామ్మనింది. ఇంక తిరగలా."

మా ఆయన ట్యాంకు మూత తిప్పాడు. వేలు ముంచి, వాసన చూశాడు. నాకు ఇవతలికే తెలిసింది. బజ్జీల వాసన లేదు.

"ఏం ఆయిలు ఇది?"

"డీజిల్ బావా. మంచి డీజిల్. బంకుది. సుకుమార్ అన్న ఇంట్లో జనరేటరుకని పెట్టుకున్నదంట."

ఆయన మూత పెట్టాడు. బిగించాడు. బిగిసిన మూతనే మళ్ళీ ఒకసారి బిగించాడు. తర్వాత జేబులోంచి గుడ్డ తీసి ఆ వేలు తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

నాకు అర్థమైంది. మొద్దు ఆయిలు కోసం ముందుగా చిమ్మమని చెప్పిన ఇంజను అది. పడీ పడంగానే అంటుకునే ఆయిలు అందులో పోస్తే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట లేస్తుంది. పైకొచ్చే పిస్టన్ నెత్తి మీద ప్రతిసారీ ఒక దెబ్బ. అదీ కావలసినదానికంటే ఎక్కువ ఆయిలుతో. ఆ ఠంగు ఠంగు అదే. చక్రాలన్నీ లాగుతూ ఒక పూటంతా ఆ దెబ్బలు తినింది.

"రేకు లోపలికి పోకుండా ఆయిలు మార్చబాకని చెప్పినా గదరా" అన్నాడు మా ఆయన. తిట్టినట్టు లేదు. అడుక్కుంటున్నట్టుంది.

కిశోర్ తలెత్తాడు. "నాసిది పొయ్యొద్దన్నావనుకున్నా బావా. మంచిది పొయ్యొద్దని ఎవురైనా అంటారా?" అన్నాడు. ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చెప్పు బావా. యాడన్నా ఉండాదా ఇట్ట? మంచిది పోస్తే చచ్చేటట్టు చేసి పెట్టినావా నా ఇంజన్ని? ఒక రేకు ఏలాడదీసి, అది కూడా నీ చేత్తోనే తుంచేసి పోతివే!"

పక్క గుంటల పెంచలకృష్ణ అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన గుంటలు కాలువకు ఇంకాస్త పైన, అక్కడ జనరేటరు బయోతోనే గట్టెక్కించింది. "మంచి డీజిల్ పోస్తే ఇంజను పోవడమేంది సమాధానం? మేం యాడా ఇనలా" అన్నాడు. ఆ మాటలో దురుద్దేశం ఏమీ లేదు. కానీ అది ఆ రోజు సాయంత్రానికి కాలువ పొడుగునా పాకింది. సమాధానం పంపు పాడు చేశాడట, పోయి పోయి మంచి డీజిల్ మీద పెడుతున్నాడట.

ఇంజను హెడ్డు విప్పి చూస్తే పిస్టన్ నెత్తిన చిల్లు పడి ఉంది. మా ఆయన దాన్ని తీసుకుపోయి ఒకరిద్దరికి చూపించాడు, విడమర్చి చెప్పాడు. చెప్పేకొద్దీ జనం నవ్వారు. తర్వాత చెప్పడం మానేశాడు.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు సుకుమార్ గారు లేచాడు. ఆపదలో ఉన్న సహోదరుడి కోసం తన సొంత ఇంటికని ఉంచుకున్న డీజిల్ ఎలా ఇచ్చాడో, ఆ రాత్రి తన పిల్లలు చీకట్లో ఎలా కూర్చున్నారో చెప్పాడు. "పంట దక్కలేదు. దేవుని చిత్తం వేరే ఉండాది. అయినా నేను చెయ్యగలిగింది చేసినాను" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళే. సంఘమంతా హల్లెలూయా అంది. కిశోర్ తల దించుకుని కూర్చున్నాడు, మాకు దూరంగా, అవతలి వరసలో. మా ఆయన రాలేదు.

సుకుమార్ గారు జన్మలో అమ్మిన అంత ఆయిల్లో, ఊరికే ఇచ్చినది అదొక్కటే, మంచిది అదొక్కటే. మా వాడి కొంప తీసింది అదే. ఈ మాట లేచి చెబితే ఎవరు నమ్ముతారు? చెప్పేది నేనైనా నాకే నమ్మబుద్ధి కాదు.

ఆరాధన అయ్యాక వరండాలో ఆయన చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి పోయాను. "సుకుమార్ అన్నా, ఒక్క మాట. మీ ఇంటి జనరేటరుకు మీ బయో ఎందుకు పొయ్యరు?"

ఆయన ఒక్క క్షణం చెప్పు వైపే చూశాడు. "మాది కొత్త ఇంజనమ్మా. కంపెనీ వాళ్ళు ఒప్పుకోరు. బంకుదే పొయ్యాలంటారు" అన్నాడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నీ మనసులో చేదు ఉండాది అబిగయీలూ. నీకోసం ప్రార్థన చేస్తా." అక్కడే, అందరి ముందూ, కళ్ళు మూసుకుని చేశాడు. నేను చెయ్యి తోసేయలేదు. అమ్మ పెట్టె మోసిన చెయ్యి అది. ఆమెన్ మాత్రం అనలేదు.

తర్వాత షాపుకు పని తగ్గింది. గుంటలవాళ్ళు నెల్లూరుకు పోతున్నారని విన్నాం. మా ఆయన పంపు కింద రేకు తీయడం మానేశాడు. ఎవరైనా బయోకు తగ్గట్టు మార్చమని వస్తే, రాదు పొమ్మన్నాడు. వచ్చినవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. ఆ పని ఆ చుట్టుపక్కల ఎవరికైనా వచ్చంటే ఆయనకే వచ్చు.

జూన్ మొదట్లో కిశోర్ ఆ ఇంజన్ని పెంచలకృష్ణకు ఇచ్చేస్తున్నానని చెప్పి, ఆటో ట్రాలీలో వేసుకుని మా షాపుకు తెచ్చాడు. మా గడప తొక్కడం ఆ రోజు తర్వాత అదే మొదలు. కొత్త పిస్టన్ మా ఆయన ముందే తెప్పించి పెట్టాడు. వాడు అడగలేదు, ఈయన చెప్పలేదు. లిల్లీ సామాను సర్ది స్టేషన్లో కూర్చుని ఉందట, మధ్యాహ్నం బండికి తడ పోవాలి. లోపలికి వచ్చి ఒక ముద్ద తినిపోరా అన్నాను. టైము లేదక్కా అన్నాడు.

మా ఆయన బిగిస్తూ పోయాడు. పంపు దగ్గరికి వచ్చి ఆగి, నా వైపు చెయ్యి చాపాడు. నేను నాజిళ్ళ ట్రేలో వెతికి ఆ రేకు తీసి ఇచ్చాను. కాస్త మకిలి పట్టి ఉంది. తుడిచి, పంపు కింద పెట్టి, ఆయిలు కొలత మళ్ళీ తగ్గించి, బోల్టులు బిగించాడు.

ట్రాలీ వెంట వచ్చిన పెంచలకృష్ణ ఇంజను చుట్టూ తిరిగి చూశాడు. "ఇంతకీ దీనికి ఏం ఆయిలు పొయ్యాల సమాధానం?"

"బంకు డీజిల్" అన్నాడు మా ఆయన.

"మంచిదేనా?"

"మంచిదే పొయ్యాల."

కిశోర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఆ రోజు నేను పోసింది అదే గదా బావా" అన్నాడు.

మా ఆయన చేతిలో స్పానరు ఆగింది. "అదే" అన్నాడు.

కిశోర్ సంచీ భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు. నేను మెట్లు దిగి వెంట పోయాను. రోడ్డు మీద ఆటో ఆపాడు.

"మీ బావ మీద కోపం పెట్టుకోబాకరా" అన్నాను.

"ఎవురి మీద పెట్టుకోవాల్నో తెలిస్తే గదక్కా. మంచి ఆయిలు ఇచ్చినాయన మీద పెట్టుకోనా? చెడ్డ ఆయిలు తాగేదానికి నేర్పినాయన మీద పెట్టుకోనా? ఇద్దరూ నా మేలే కోరినారు." సంచీ తీసి ఆటో సీటు మీద పెట్టాడు. "పోతా. క్రిస్మస్‌కు లీవు దొరుకుతాదో లేదో."

ఒక కాలు ఆటోలో పెట్టాడు. అప్పుడే లోపల మా ఆయన ఇంజను వేశాడు. దగ్గు లేదు, పొగ లేదు, ఒక్క ఠంగు లేదు. మెత్తగా అందుకుని అలా తిరుగుతూనే ఉంది. వాడు కాలు అలాగే పెట్టుకుని విన్నాడు. ఆటో అతను హారన్ కొట్టినా కదలలేదు. ఆ వేసవంతా ఒక్క రోజు కూడా అది అంత బాగా తిరగలేదు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"బాగా తిరగతాండాది" అన్నాడు, ఎక్కి కూర్చున్నాడు.